ఫ్లాష్ మెమొరీ నుండి అనలాగ్ విభాగాల ప్రారంభ అమరిక

ప్రోగ్రామబుల్ చిప్‌లోని యాంప్లిఫయరు, ఫిల్టరు, అనలాగ్-డిజిటల్ కన్వర్టరు వంటి అనలాగ్ విభాగాలకు, విద్యుత్తు అందిన ప్రతిసారీ, ఫ్లాష్ మెమొరీలో భద్రపరచిన విలువలను అందించి పనికి సిద్ధం చేయడాన్ని ప్రారంభ అమరిక అంటారు. నెల్లూరు తీరంలోని ఇందుకూరుపేట, విడవలూరు వంటి మండలాలలో ఉన్న రొయ్యల గుంటలకు ఉపయోగపడే ఆక్సిజన్ మీటరును ఉదాహరణగా తీసుకుంటే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది.

నేపథ్యం

ప్రాసెసరు, అనలాగ్ విభాగాలు ఒకేచోట ఉండి, వాటి అమరికను సాఫ్టువేరుతో మార్చుకోగల చిప్‌లలో పీసాక్ ప్రసిద్ధమైనది. అమెరికాకు చెందిన సైప్రస్ సెమీకండక్టర్ దీనిని 2000ల తొలినాళ్ళలో విడుదల చేసింది. 2020లో ఆ సంస్థను జర్మనీకి చెందిన ఇన్ఫినియన్ కొనుగోలు చేసింది.

1980లలో తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమొరీలోని సమాచారం విద్యుత్తు పోయినా చెరిగిపోదు. అయితే అనలాగ్ విభాగాలను నడిపించేది ఫ్లాష్ కాదు, రిజిస్టర్లు. విద్యుత్తు పోగానే వాటిలోని విలువలు పోతాయి. కనుక ఫ్లాష్ నుండి వాటిని మళ్ళీ నింపవలసి ఉంటుంది.

జరిగే క్రమం

1. సరఫరా వోల్టేజి తగిన స్థాయికి చేరేవరకు చిప్ రీసెట్ స్థితిలోనే ఉంటుంది.
2. అంతర్గత ఆసిలేటరు, ప్రమాణ వోల్టేజిలను సరిదిద్దడానికి కర్మాగారంలో నమోదు చేసిన విలువలు అమలవుతాయి.
3. ఫ్లాష్‌లోని పట్టిక నుండి విలువలు ఒక్కొక్కటిగా రిజిస్టర్లలోకి చేరుతాయి. తొలితరం పీసాక్‌లో ఈ పని ప్రధాన ప్రోగ్రాముకు ముందే పూర్తవుతుంది.
4. ప్రధాన ప్రోగ్రాము యాంప్లిఫయరు, కన్వర్టరులను విడిగా ఆన్ చేస్తుంది. అవి నిలకడకు వచ్చేవరకు ఆగి, తొలి కొలతలను వదిలివేస్తుంది.
5. సెన్సరుకు సంబంధించిన క్రమాంకన విలువలను చదివి, చెక్‌సమ్‌తో సరిచూస్తుంది.

ఉదాహరణ

గుంటలోని నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే రొయ్యలకు మేలు. 3 కంటే తగ్గితే ప్రమాదం. ఆ వేళలోనే కరెంటు పోయి వచ్చిందనుకుందాం.

సెన్సరు ప్రతి మిల్లీగ్రాముకు 5 మిల్లీవోల్టులు ఇస్తుందని, యాంప్లిఫయరు దానిని 8 రెట్లు పెంచాలని అనుకుందాం. అప్పుడు ప్రోగ్రాము 40 మిల్లీవోల్టులను ఒక మిల్లీగ్రాముగా లెక్కిస్తుంది. పొరపాటున రిజిస్టరులో 16 రెట్ల అమరిక చేరితే, నీటిలో 2.5 మిల్లీగ్రాములే ఉన్నా 200 మిల్లీవోల్టులు వచ్చి, మీటరు 5 అని చూపుతుంది. అంకె నమ్మదగినదిగానే కనిపిస్తుంది కనుక ఎవరూ అనుమానించరు, ఏరియేటర్లు తిరగవు, రొయ్యలకు ఊపిరి అందదు.

జాగ్రత్తలు

* రిజిస్టర్లలో రాసిన విలువలను తిరిగి చదివి, ఫ్లాష్‌లోని పట్టికతో పోల్చాలి.
* క్రమాంకన విలువలను రాస్తుండగా కరెంటు పోతే అవి పాడవుతాయి. అందువల్ల రెండు ప్రతులను వేర్వేరు బ్లాకులలో ఉంచి, ఒకదాని తరువాత మరొకటి రాయాలి.
* ఫ్లాష్‌లో రాతలకు పరిమితి ఉంది కనుక ప్రతి కొలతనూ అందులో రాయరాదు.
* పోలరోగ్రాఫిక్ రకం సెన్సరు స్థిరపడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతవరకు అంకె చూపరాదు.
* చెక్‌సమ్ సరిపోకపోతే మీటరు దోషాన్ని తెలిపి, ఏరియేటర్లను ఆన్ చేయాలి. అనవసరంగా ఏరియేటరు తిరిగితే నష్టం కరెంటు ఖర్చు మాత్రమే. అవసరమైనప్పుడు తిరగకపోతే పంట మొత్తం పోవచ్చు.

ఇవి కూడా చూడండి

* ఫ్లాష్ మెమొరీ
* మైక్రోకంట్రోలరు
* రొయ్యల పెంపకం