చక్రము పెరిగినచో గేరు మారును

రాట్నము త్రిప్పుట చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. పెద్ద చక్రము ఒక్కసారి తిరుగులోపల కదురు అనేక పర్యాయములు తిరుగును. మోటారు బండి ఇరుసులో జరుగునది దీనికి తలక్రిందులు. అచట చిన్న పళ్ళచక్రము పలుమార్లు తిరిగి పెద్ద పళ్ళచక్రమును ఒక్కమారు త్రిప్పును. వేగము తగ్గి బలము పెరుగును. చిన్నదానిని పినియను అనియు, పెద్దదానిని క్రౌను అనియు మెకానిక్కులు పిలుతురు. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 11 పళ్ళు ఉన్నచో 41ని 11చే భాగింపగా 3.73 వచ్చును. ఇదియే ఇరుసు గేరు నిష్పత్తి. ఈ అంకె పెరిగినకొలది లాగు శక్తి ఎక్కువ, పరుగు తక్కువ.

కొండదారులలోను, ఇసుకలోను, బురదలోను బండి నడుపగోరువారు పెద్ద టైర్లు వేయించుట నేడు వాడుకయైనది. 29 అంగుళముల ఎత్తుగల టైరు తీసి 35 అంగుళములది వేసినచో ఇరుసు నేలనుండి మరి మూడంగుళములు పైకి లేచును. అడుగున రాళ్ళు అంత సులభముగా తగులవు. ఎడ్లబండి చక్రమువలె పెద్ద టైరు గుంటలో దిగబడక దాటిపోవును. కాని ఈ లాభము ఊరక వచ్చునది కాదు. టైరు కూడ ఒక గేరే యని మనము మరువరాదు. ఇంజనులో పుట్టిన బలము నేలను చేరుటకు దాటవలసిన కడపటి మెట్టు అదియే.

ఒక లెక్క చూతము. గంటకు 60 కిలోమీటర్లనగా నిమిషమునకు సరిగా 1000 మీటర్లు. 29 అంగుళముల టైరు ఒక చుట్టునకు సుమారు 2.31 మీటర్లు పోవును. కనుక నిమిషమునకు 432 చుట్లు తిరుగును. ఇంజను తిరుగుడు మార్పులేక ఇరుసును చేరు టాపు గేరులో, 3.73 నిష్పత్తితో, ఇంజను సుమారు 1610 చుట్లు తిరుగవలెను. 35 అంగుళముల టైరైనచో 358 చుట్లు చాలును. ఇంజనుకు సుమారు 1335 చుట్లు మాత్రమే. చుట్లు తగ్గినవి, పెట్రోలు ఆదాయగునని సంతోషింపరాదు. అంత మెల్లగా తిరుగునప్పుడు ఇంజనుకు కావలసిన సత్తువ చాలదు. పైగా పెద్ద టైరు బరువైనది. కొండ యెక్కునపుడు ఇంజను మూల్గును, బండిని కదలించుటకు క్లచ్చిని సగము నొక్కి పట్టవలసివచ్చును, అది కాలిపోవును.

ఎక్కుటకంటె దిగుట ఇంకను ప్రమాదకరము. ఘాటు దారిలో క్రిందికి వచ్చునపుడు తెలిసిన డ్రైవరు చిన్న గేరు వేసి ఇంజనుచేతనే బండిని పట్టి యుంచును. టైరు పెరిగి నిష్పత్తి మారకున్నచో ఆ పట్టు సడలును. భారమంతయు బ్రేకులపై పడును. వేడెక్కిన బ్రేకులు లోయ ప్రక్కన మొరాయించినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందుకు విరుగుడు ఇరుసులోని క్రౌను, పినియనుల జతను మార్చుట. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుచే హెచ్చవేసి, పాత టైరు ఎత్తుచే భాగింపవలెను. 3.73ను 35చే హెచ్చవేసి 29చే భాగింపగా 4.50 వచ్చును. దీనికి దగ్గరగా దొరకు జత 4.56, అనగా 41 పళ్ళకు 9. ఇప్పుడు గంటకు 60 కిలోమీటర్లలో ఇంజను సుమారు 1630 చుట్లు తిరుగును. బండి తన పూర్వపు నడకకు వచ్చినట్లే. టైరుపై అచ్చువేసిన కొలతను మాత్రమే నమ్మక, టైరు మీద సుద్దతో గీత గీచి, బండిని ఒక చుట్టు తోసి, నేలమీద దూరము కొలిచి చూచుట మంచిది.

అయితే లెక్క ఒక్కటే చాలదు. రెండవ ప్రపంచ యుద్ధములో వాడిన విల్లీస్ సైనిక జీపు ఇరుసు నిష్పత్తి 4.88. అదే సంస్థ 1945లో రైతులకై తెచ్చిన సీజే-2ఏ జీపునకు 5.38. టైర్ల కొలత రెండింటికిని ఒక్కటే. మరి అంకె ఏల మార్చిరి? సైనికుడు దారిపై పరుగెత్తవలెను. రైతు నాగలి లాగవలెను. మొదటి గేరు, ట్రాన్స్‌ఫర్ కేసులోని చిన్న గేరు, ఇరుసు, ఈ మూడింటి నిష్పత్తులను హెచ్చవేయగా సైనిక జీపునకు సుమారు 26, రైతు జీపునకు సుమారు 37 వచ్చును. 1940ల చివరనుండి బొంబాయిలో మహీంద్రా సంస్థ కూర్చిన జీపులు ఈ రైతు జీపు సంతతివే.

కావున ఎక్కువగా హైవేలపై తిరుగువారు లెక్కకు దగ్గరి అంకెతో తృప్తిపడవలెను. బరువు మోయుచు, కొండలలో మెల్లగా నడుపువారు ఒక మెట్టు పైకి, అనగా 4.88కు పోవచ్చును. అంతకుమించి పోవుటకు ఒక హద్దు కలదు. అదే కొలత క్రౌనుతో అంకె పెంచవలెనన్న పినియను సన్నబడును. సన్నని పినియను, బరువైన టైరు, రాతిలో చిక్కిన చక్రము కలిసినచో పళ్ళు విరుగును. లెక్క మరీ పెద్ద అంకెను కోరినచో, ఆ ఇరుసుకు ఆ టైరు తగదని గ్రహింపవలెను.

నాలుగు చక్రముల బండిలో ముందు, వెనుక ఇరుసులు రెండింటిని ఒకే నిష్పత్తికి మార్చవలెను. లేనిచో నాలుగు చక్రములకును బలమిచ్చినపుడు ఒక ఇరుసు మరొకదానిని ఈడ్చి, షాఫ్టులు మెలిపడి విరుగును. మరియు నిష్పత్తి మార్చక టైర్లు మాత్రమే మార్చిన బండిలో స్పీడోమీటరు 60 చూపునపుడు నిజముగా పోవు వేగము 72.

చివరగా, మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను అనుమతింపదు. కనుక ముందు రవాణా కార్యాలయములో విచారించి, పిమ్మట రెండిరుసుల ఖర్చును, బ్రేకుల స్థితిని లెక్కించి, అటుపిమ్మటనే టైర్ల అంగడికి పోవుట మేలు.