నెమలి మెడకీ బంగారు గీతకీ మధ్య సందు

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరంతో పాటు జాకెట్ గుడ్డ ముక్క ఒకటి జతచేసి పంపారు. దాని మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నెమలి ఉంది. మెడ నిండా నీలం దారం, దాని చుట్టూ బంగారు రంగు ఔట్‌లైన్. ఆ గీత సరిగ్గా మెడ అంచు మీద పడాలి, పడలేదు. కుడివైపూ ఎడమవైపూ గీతకీ నీలానికీ మధ్య సన్నటి సందు ఉంది. స్కేలు పెట్టి భూతద్దంలో చూస్తే ఒక్కో వైపు అర మిల్లీమీటరుంటుందేమో. కింది గులాబీరంగు అందులోంచి తొంగిచూస్తోంది. పైనా కిందా మాత్రం నీలమే గీత దాటి బయటికొచ్చేసింది. "కంప్యూటర్ తెర మీద చూస్తే అంతా అతికినట్టుంది. మెకానిక్ బెల్టు మార్చాడు, అయినా అంతే. తప్పు మెషిన్‌దా, డిజైన్‌దా, గుడ్డదా?" అని ఆవిడ ప్రశ్న.

బెల్టు డబ్బులు దండగైనట్టే. పక్కల సందు, పైనా కిందా పొంగు కలిసి కనబడితే మెషిన్‌ని అనుమానించే పని లేదు. అదెందుకో చెప్పడానికి ఈ నెల నాకిచ్చిన పేజీలన్నీ వాడేసుకుంటాను.

ముందు మెషిన్ సంగతి క్లుప్తంగా. సూది పైకీ కిందికీ ఆడుతుందే తప్ప పక్కకి జరగదు. గుడ్డ బిగించిన ఫ్రేమే మోటార్లతో అటూ ఇటూ కదులుతుంది, అది కూడా సూది గుడ్డలోంచి బయటికొచ్చిన కాస్త వ్యవధిలోనే. నిమిషానికి 800 కుట్లు పడుతున్నాయంటే ఆ వ్యవధి ఎంతో ఊహించుకోండి. పైదారం, బాబిన్ దారం ఒకదానితో ఒకటి మెలిపడే ఈ కుట్టు మీద ఎలియాస్ హోవే 1846లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. స్విట్జర్లండ్‌లో ఇసాక్ గ్రోబ్లి 1863లో దాన్ని ఎంబ్రాయిడరీ యంత్రానికి ఎక్కించాడు. ఇప్పటి మెషిన్లలో ఉన్నదీ ఆ కుట్టే.

మెషిన్‌కి ఆజ్ఞలిచ్చే ఫైలు ఇంకో ముచ్చట. మన షాపుల్లో ఎక్కువగా వాడేది జపాన్ కంపెనీ తజిమా పేరుతో నడిచే డి.ఎస్.టి. ఫైలు. అందులో ప్రతి కుట్టుకీ "ఉన్నచోటు నుంచి పక్కకి ఇంత, పైకి ఇంత" అని మాత్రమే ఉంటుంది. లెక్క 0.1 మి.మీ. చొప్పున. ఒక్క అంగలో గరిష్ఠంగా 12.1 మి.మీ. పోవచ్చు. ఈ 121 అనే వింత అంకె ఎక్కడిదంటే, కూడుకోవడానికీ తీసేసుకోవడానికీ వీలుంటే 1, 3, 9, 27, 81 అనే అయిదింటితో 121 దాకా ఏ సంఖ్యనైనా తయారుచేయొచ్చు. 1612లో ఫ్రాన్స్‌లో బాషే తన వినోద గణితం పుస్తకంలో తూకం రాళ్ల లెక్కగా పెట్టిన సూత్రమే ఇది. ఇప్పుడది మన నెమళ్లని కుడుతోంది!

ఫైలులో ఉన్నవన్నీ అంగలే కాబట్టి మెషిన్‌కి గుడ్డ ఎక్కడుందో తెలియదు. మధ్యలో ఎక్కడైనా ఫ్రేమ్ దేనికైనా తగిలి ఒక మిల్లీమీటరు జారిందనుకోండి, అక్కణ్ణుంచి కుట్టినదంతా అదే మిల్లీమీటరు, అదే దిక్కుకి జరిగి ఉంటుంది. నిజంగా మెషిన్ తప్పయితే దాని ఆనవాలు ఇదే: ఒక వైపు సందు, ఎదుటి వైపు అంతే మేర గీత రంగు మీదికెక్కడం. రెండు వైపులా సందు వచ్చిందంటే గీత ఎటూ జరగలేదు, మెడే సన్నబడింది. ఇంకా నమ్మకం కుదరకపోతే అదే డిజైన్ నాలుగైదు మడతల గట్టి కాన్వాస్ మీద కుట్టి చూడండి. అక్కడ కుదిరితే మెషిన్‌కి క్లీన్‌చిట్ ఇచ్చేయొచ్చు.

ఇక నాకు ఇష్టమైన చోటికొచ్చాం. మెడ ఎందుకు సన్నబడింది?

సరిగ్గా సర్దిన మెషిన్‌లో పైదారం మీద సుమారు 100 గ్రాముల బిగువు, బాబిన్ దారం మీద 20, 25 గ్రాములు ఉంటుంది. టేకప్ లివర్ లాగినప్పుడు దారం కాస్త సాగుతుంది, ఆ సాగిన స్థితిలోనే గుడ్డలో బందీ అయిపోతుంది. పట్టు వదలగానే దాని అసలు పొడవుకి రావాలని చూస్తుంది. శాటిన్ కుట్టులో దారం మెడ ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా పోతుంది కాబట్టి, తిరిగి కుదించుకున్నప్పుడల్లా రెండంచులనీ లోపలికి లాగుతుంది. నవారు మంచం అల్లేటప్పుడు ఒక్కో వరసా బలంకొద్దీ లాగి బిగించేవాళ్ల మంచం చూశారా? పట్టెలు మధ్యలో లోపలికి వంగిపోయి ఉంటాయి. ఏ ఒక్క వరసా పట్టెని వంచలేదు, అన్నీ కలిసి వంచాయి.

మంచం పట్టె కనీసం కర్ర. ఇక్కడ దారం పట్టుకునే పట్టె ఏమిటో చూడండి. మామూలుగా వాడే 75 నంబరు సూది మందం 0.75 మి.మీ. కుట్ల వరసల మధ్య ఎడం 0.4 మి.మీ. అంటే అంచు పొడవునా ఒక పోటు పక్కనే ఇంకో పోటు, దాదాపు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. అలా సడలిపోయిన పోగులకి దారాన్ని నిలదీసే సత్తువ ఎక్కడ ఉంటుంది? మామూలు నూలు గుడ్డ మీదే ఆకారం మొత్తం మీద 0.2 నుంచి 0.4 మి.మీ. తగ్గుతుందని లెక్క వేసుకుంటారు, జార్జెట్ అయితే ఇంకా ఎక్కువే. ఔట్‌లైన్ వేసే 40 నంబరు దారం మందం కూడా ఇంచుమించు 0.4 మి.మీ.యే. గీత అంచు మీద పడితే అందులో సగం, అంటే 0.2, లోపలివైపు కప్పుతుంది. అంచు అంతకంటే లోపలికి పోయిన మరుక్షణం గులాబీరంగు బయటపడుతుంది.

కుట్టు ఎంత పొడవైతే లాగుడు అంత ఎక్కువ. అందుకే అడ్డకుట్లతో నింపిన సున్నా కోడిగుడ్డవుతుంది, వెడల్పున్న నడుం దగ్గర ఎక్కువ లోపలికి పోతుంది.

అయితే పైనా కిందా పొంగిందేమిటి? ఇది చాలామంది మరిచిపోయే సగం. ప్రతి పోటులోనూ కొత్త దారం గుడ్డ పోగుల మధ్య దూరి చోటు చేసుకోవాలి, ఆ చోటు కోసం పోగులు పక్కకి జరగాలి. 30 మి.మీ. పొడవు మెడలో 0.4 చొప్పున 75 వరసలు. ఒక్కో వరస గుడ్డని మిల్లీమీటరులో వందో వంతు తోసిందనుకున్నా మొత్తం ముప్పావు మిల్లీమీటరవుతుంది! అడ్డంగా కుట్లు పట్టి ఉంచాయి కాబట్టి ఆ తోపంతా కుట్లకి నిలువుగా, తెరిచి ఉన్న చివరల వైపే పోతుంది. మెడ సన్నబడి, పొడవు పెరిగింది. తెనాలి ముక్క మీద ఉన్నది అదే.

కాబట్టి బొమ్మని కుట్లుగా మార్చే పంచింగ్ పని బాగా తెలిసిన మనిషి మెడని కావాలనే లావుగా, పొట్టిగా గీస్తాడు. సున్నా కావాలంటే అడ్డంగా సాగిన గుడ్డు గీస్తాడు. గీత మాత్రం అసలు కొలతకే ఉంచుతాడు. మంచి డిజైన్ తెర మీద తప్పుగా కనబడుతుంది, రంగు గీత దాటి పక్కలకి కారినట్టుంటుంది. తెర మీద అతికినట్టు ఉన్న డిజైన్‌నే అనుమానించాలి. పాఠకురాలి ప్రశ్నకి జవాబు ఆవిడ ఉత్తరంలోనే ఉందన్నమాట.

డిజైన్ సంగతి అది. ఇక గుడ్డ ఎంత లొంగుతుందన్న విషయంలో పెద్దపెద్దవాళ్లే పప్పులో కాలేశారు. రష్యా గణితవేత్త పఫ్నూతి చెబిషెవ్ 1878 ఆగస్టులో పారిస్‌లో బట్టలు కత్తిరించడం గురించి ఉపన్యాసమిచ్చాడు. ప్రధాన సంఖ్యల మీద అంత పని చేసిన మనిషి, బంతికి గుడ్డ తొడగాలంటే ముక్కలు ఎలా కత్తిరించాలో లెక్కకట్టాడు! ఆయన లెక్కలో పడుగు, పేక పోగులు సాగవు, అవి కలిసేచోట కోణం మాత్రం మారుతుంది. మన టైలర్లు క్రాస్ అనే ఏటవాలు దిక్కుకి ఇది చక్కగా సరిపోతుంది. క్రాస్ మీద గుడ్డ అంత తేలిగ్గా సాగేది కోణాలు మారడం వల్లే. కానీ పోగు వెంట లాగినా గుడ్డ కొంత సాగుతుంది, చెబిషెవ్ లెక్కలో దానికి చోటు లేదు.

ఆ సంగతి 1937లో మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎఫ్.టి. పీర్స్ పట్టుకున్నాడు. పడుగు పోగు పేక మీదుగా ఎక్కి దిగుతూ పోతుంది కదా, లాగితే ముందు ఆ వంపులు తిన్నబడతాయి. అందాకా గుడ్డ ఇట్టే లొంగుతుంది, తర్వాతే మొరాయిస్తుంది. ఒక దిక్కు పోగు తిన్నబడ్డకొద్దీ రెండో దిక్కు పోగు ఇంకా వంగుతుంది. పీర్స్ పోగుల్ని నిండు గుండ్రటి కడ్డీలుగా ఊహించుకున్నాడు. నిజం గుడ్డలో అవి అణిగి బల్లపరుపుగా ఉంటాయి, ఆ దిద్దుబాటు తర్వాతివాళ్లు చేశారు. అసలు ఆలోచన మాత్రం నిలిచింది.

ఫ్రేమ్‌లో గుడ్డ తట్టితే మోగాలని మాస్టర్లు చెప్పే మాటకి కారణం ఇక్కడుంది. ముందే బిగించి వంపులు తిన్నచేసేస్తే, కుట్టు లాగడానికి తేలికగా లొంగే భాగం మిగలదు. అదే మాట టీషర్టుకి వర్తింపజేస్తే కొంప మునుగుతుంది. అల్లిక గుడ్డ ఉచ్చులు ఎంత లాగితే అంత సాగి, ఫ్రేమ్ విప్పగానే వెనక్కి పోతాయి, డిజైన్ చుట్టూ ముడతలే ముడతలు. నేత గుడ్డని కూడా ఫ్రేమ్‌లో పెట్టాక మూలలు పట్టి లాగితే క్రాస్ మీద లాగినట్టే. గుడ్డ కింద వేసే నాన్‌వొవెన్ పేపర్ గొప్పతనమూ ఇదే: దాని పీచు అన్ని దిక్కులకీ అంటుకుని ఉంటుంది, పడుగూ లేదు, పేకా లేదు, క్రాసూ లేదు. అయితే దాన్ని గుడ్డతో కలిపి ఫ్రేమ్‌లో బిగించాలి. ఊరికే కిందికి తోసేసి పేపర్ వేశామంటే కుదరదు.

ఇక షాపుల్లో చేసే వైద్యాలు. సందు కనబడగానే టెన్షన్ బిగిస్తారు, లాగుడు పెరుగుతుంది. లేదా సందు నింపుదామని ఎడం 0.4 నుంచి 0.3కి తగ్గిస్తారు. 75 వరసలు 100 అవుతాయి, లాగుడూ తోపూ రెండూ పెరుగుతాయి. ఔట్‌లైన్ లావు చేస్తే సందు దాక్కుంటుంది, ఒప్పుకుంటాను, కానీ నెమలి మెడకి తాడు కట్టినట్టుంటుంది.

పనికొచ్చేవి చెప్పమంటే: నింపే ముందు పలచటి అండర్‌లే కుట్లు వేసి గుడ్డని పేపర్‌కి పట్టించండి. రంగులన్నీ అయ్యాక ఆఖర్న ఔట్‌లైన్లన్నీ ఒకేసారి వేయకుండా, ఏ మెడ నిండితే ఆ మెడ గీత అప్పుడే వేయించండి. ఒకే సూది మెషిన్‌లో దారం మాటిమాటికీ మార్చాలి, నిజమే. పన్నెండు సూదులున్నవాళ్లకి ఏం అడ్డం? గుడ్డని ముందే ఫొటో తీసి డిజైన్ ఎక్కడ పెట్టాలో చూపే కెమెరా మెషిన్లు కూడా వచ్చాయి. అవి చెప్పేది మొదలెట్టే చోటు గురించే, 75 వరసల తర్వాత గుడ్డ ఎక్కడికి పోయిందో కాదు.

వీటన్నిటికంటే నన్ను విసిగించేది డిజైన్‌ని కుదించడం. కొనుక్కున్న కుట్ల ఫైలుని చేతి ముక్కకి పట్టడం లేదని 80 శాతానికి తగ్గిస్తారు. కుట్ల సంఖ్య అంతే ఉంటుంది, 0.4 ఎడం 0.32 అవుతుంది, అంచుకి అదనంగా ఇచ్చిన 0.3 మి.మీ. 0.24 అవుతుంది. లాగేది పెరిగింది, దానికోసం వదిలిన చోటు తగ్గింది, గుడ్డ మాత్రం ఆ గుడ్డే. ఆకారాలున్న అసలు ఫైలు ఉంటే సాఫ్ట్‌వేరే కుట్లని కొత్తగా లెక్కవేస్తుంది. అమ్మేవాళ్లు ఆ ఫైలు మామూలుగా చేతికివ్వరు. కనీసం ఏ గుడ్డ మీద, కింద ఏ పేపర్ వేసి కుట్టి చూశారో రాసివ్వమని అడగండి.