రక్త క్యాన్సర్‌కు మందు చేసిన మన సుబ్బారావు

కొత్తపేట రైతుబజారుకు పోతే పాలకూర, తోటకూర కట్టలు కొంటాం కదా! ఆ ఆకుల్లో ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్ ఉంది. మన ఒంట్లో కొత్త రక్తం పుట్టాలంటే అది కావాలి. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఇదే. ఈ విటమిన్‌కూ రక్త క్యాన్సర్ మందుకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ మందును తయారుచేయించినవాడు మన తెలుగు డాక్టరే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. ఇంట్లో పేదరికం. పదమూడేళ్ళ వయసులో, కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు విడిచాడు. తల్లి వెనక్కి తెచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి గట్టెక్కాడు. మద్రాసులో డాక్టరు చదువుకు చేరాడు. గాంధీగారి పిలుపు విని, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు తొడుక్కునే పోయాడు. తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా చివరికి చిన్న డిగ్రీయే చేతిలో పెట్టారు.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములిద్దరు గ్రహణి జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. వాళ్ళను బతికించుకోలేకపోయాడు. జబ్బులకు కొత్త మందులు వెతకాలన్న పట్టుదల ఆయనలో పెరిగింది. మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరాడు. పొట్టగడవక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల దొడ్డి గిన్నెలు కడిగాడు. పగలు చదివాడు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ఆకులతో పనిలేకుండా ప్రయోగశాలలోనే తయారుచేసింది. అది గ్రహణి రోగులకు బాగా పనిచేసింది. అన్నదమ్ములకు అందని మందు పరాయి బిడ్డలకైనా అందింది. మన దగ్గర బోదకాలుకు ఇచ్చే మాత్ర కూడా ఆ ప్రయోగశాలలోనే పుట్టింది.

ఇప్పుడు రక్త క్యాన్సర్ సంగతి. రక్తం ఎముకల లోపలి మూలుగలో పుడుతుంది. ఈ జబ్బులో పచ్చి తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తాయి. చేలో కలుపు పెరిగినట్టు అన్నమాట. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు జబ్బు పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. ఎరువు వేస్తే కలుపే ఏపుగా పెరిగింది!

అయితే ఆ ఎరువు అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం ఒక దొంగ తాళంచెవి లాంటి మందు చేసింది. చూడ్డానికి ఫోలిక్ ఆసిడ్ లాగే ఉంటుంది. తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. అసలు చెవికి చోటు లేకుండా చేస్తుంది. దాని పేరు అమినోప్టెరిన్. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు వాడాడు. 16 మందిలో 10 మంది తేరుకున్నారు. 1948 జూన్‌లో ఈ సంగతి అచ్చయింది. అయితే కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. కానీ అంతకుముందు తేరుకోవడమన్న మాటే అరుదు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు. ఆయనకు 53 ఏళ్ళే.

ఆ మందుకు చెల్లెలి వరస మెథోట్రెక్సేట్. అదీ అక్కడిదే. ఈనాటికీ వాడుతున్నారు. ఇతర మందులతో కలిపి రెండు మూడేళ్ళు పూర్తిగా వాడితే, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ చాలామందికి నయమవుతోంది. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

ఆకుకూర తింటే క్యాన్సర్ వస్తుందా అని అడుగుతారేమో! రాదు. బాగా తినండి. ఈ జబ్బు అంటుకునేదీ కాదు.

పిల్లవాడికి జ్వరం విడవకుండా వస్తున్నా, ఒళ్ళు పాలిపోతున్నా, చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా, దెబ్బ తగలకుండానే నల్లని మచ్చలు పడుతున్నా డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించండి. దిష్టి తీస్తూ రోజులు గడపొద్దు. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కొత్తపేట వాళ్ళు విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో మెట్రో ఎక్కి లకడీకాపూల్‌లో దిగాలి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు వెంట పెట్టుకోండి.