ఐకాన్ నొక్కాలా, కమాండ్ కొట్టాలా? రెండూ వస్తేనే పని

కొత్తపట్నం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒంగోలు వెళ్లి సివిల్ డిప్లొమా చదివే మన పిల్లలకు గల్ఫ్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ఒక దారి. అక్కడైనా, ఇక్కడైనా ముందు అడిగేది ఒకటే: ఆటోక్యాడ్ వచ్చా? చాలామంది వచ్చనే అంటారు. తీరా ఒక ప్లాన్ ఇచ్చి గీయమంటే, కొందరు ప్రతి గీతకూ మౌస్‌తో ఐకాన్ వెతుక్కుంటారు. మరికొందరు ఎడమ చేత్తో అక్షరాలు కొడుతూ, కుడి చేత్తో మౌస్ కదుపుతూ చకచకా ముగిస్తారు. ఈ తేడా ఎక్కడుందో తెలుసుకుంటే ఆటోక్యాడ్ ఒక్కటే కాదు, ఏ సాఫ్ట్‌వేర్ అయినా తేలికవుతుంది.

కంప్యూటర్‌కి పని చెప్పే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, కీబోర్డుతో ఆదేశం టైపు చేయడం. దీన్ని కమాండ్ లైన్ అంటారు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ అలాంటిదే. రెండోది, తెర మీద బొమ్మలు చూసి మౌస్‌తో నొక్కడం. 1984లో మెకింటాష్, 1985లో విండోస్ వచ్చాక ఇదే అందరికీ అలవాటైంది. దాంతో కమాండ్ల కాలం అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అయిపోలేదు.

కొత్త ఊళ్లో హోటల్‌కి వెళితే మెనూ చూసి వేలుతో చూపిస్తాం. రోజూ వెళ్లే టీ కొట్టులో మాత్రం "రెండు చాయ్, ఒకదాంట్లో చక్కెర తక్కువ" అంటే సరిపోతుంది. మెనూ చూస్తే ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. నోటితో చెబితే పని త్వరగా అవుతుంది, మనకు కావలసిన కొలత కూడా చెప్పొచ్చు. మంచి సాఫ్ట్‌వేర్ ఈ రెండిటినీ ఒకే తెర మీద కలుపుతుంది.

ఆటోక్యాడ్‌లో ఎలా కలిశాయి?

ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. అప్పుడు కమాండ్లే ప్రధానం. 2009 వెర్షన్‌లో పైన రిబ్బన్ పేరుతో ఐకాన్ల వరస వచ్చింది. అయినా కింద ఉన్న కమాండ్ లైన్‌ని తీసేయలేదు. ఎందుకో ఒక ఉదాహరణ చూడండి.

30 అడుగులు, 40 అడుగుల స్థలంలో ఇల్లు గీయాలి. అడుగుల లెక్కలోనే గీస్తున్నామనుకుందాం. ఆర్, ఈ, సీ అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. మొదటి మూల ఎక్కడో మౌస్‌తో చూపించాలి. తర్వాత @30,40 అని కొడితే దీర్ఘచతురస్రం పడిపోతుంది. ఇప్పుడు గోడ మందం 9 అంగుళాలు. ఓ అక్షరం కొట్టి ఎంటర్, 0.75 కొట్టి ఎంటర్. గీతను నొక్కి, లోపలి వైపు ఒకసారి నొక్కితే రెండో గీత వచ్చేస్తుంది.

గమనించారా? కొలత కీబోర్డుతో చెప్పాం, చోటు మౌస్‌తో చూపించాం. 0.75 అడుగులు మౌస్‌తో అంచనాగా లాగితే కొలత తప్పుతుంది. ఏ గీత, ఏ పక్క అన్నది మాటల్లో చెప్పాలంటే పెద్ద తతంగం. ఏ పనికి ఏది బాగుంటుందో దానికి అది.

ఇంకో మేలు కూడా ఉంది. పైన లైన్ ఐకాన్ నొక్కితే, కింద కమాండ్ లైన్‌లో దాని కమాండ్ పేరు కనిపిస్తుంది. మొదటి బిందువు ఎక్కడని అడుగుతుంది కూడా. అంటే బొమ్మే మాట నేర్పుతోంది. కమాండ్ లైన్ కనపడకపోతే కంట్రోల్, 9 కలిపి నొక్కండి, వస్తుంది.

ఎక్సెల్, విమాన టికెట్లు

ఎక్సెల్‌లోనూ ఇదే కథ. మిర్చి టిక్కీల తూకాలు, రేట్లు వరసగా రాసుకున్నారనుకోండి. మొదటి వరసలో తూకాన్ని రేటుతో గుణించే ఫార్ములా టైపు చేస్తాం. తర్వాత ఆ గడి మూల పట్టుకుని మౌస్‌తో కిందికి లాగితే మిగతా వరసలన్నీ నిండిపోతాయి. రాయడం ఒక్కసారే.

ఉమ్రాకో, దుబాయ్‌కో టికెట్ కోసం ట్రావెల్ ఏజెంట్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన తెర చూశారా? అమేడియస్ అనే బుకింగ్ వ్యవస్థ 1987లో మొదలైంది. అందులో ఏ, ఎన్ అనే రెండక్షరాలు, తేదీ, హైదరాబాద్, జెద్దా కోడ్‌లు కలిపి కొడితే ఆ రోజు విమానాల జాబితా వస్తుంది. ఇప్పుడు అందులో ఫారం మాదిరి తెర కూడా ఉంది. అలవాటైనవాళ్లకు కమాండ్ వేగం. కొత్తవాళ్లకు ఫారంలోని ఖాళీ గడులు ఇంకేం రాయాలో గుర్తుచేస్తాయి.

మన భాషల సంగతి

కమాండ్లు దాదాపు అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు ఇక్కడే బెదురుతారు. పైగా చాలా టెర్మినల్ తెరల్లో తెలుగు ఒత్తులు సరిగా పడవు, కుడి నుంచి ఎడమకి సాగే ఉర్దూ తారుమారవుతుంది. మామూలు విండోల్లో ఈ బాధ తక్కువ. కాబట్టి బొమ్మల తెర వాడటం చిన్నతనమేమీ కాదు. కమాండ్ అంటే కూడా పెద్ద ఇంగ్లిష్ కాదు, కొన్ని పొట్టి మాటలు, అంతే.

ఒక హెచ్చరిక

కమాండ్‌కి బలం ఎక్కువ, కనికరం తక్కువ. విండోస్‌లో మౌస్‌తో ఫైల్ తీసేస్తే మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది. కమాండ్‌తో తీసేస్తే అందులోకి వెళ్లదు.

మోసగాళ్లు కూడా దీన్ని వాడుకుంటున్నారు. "మీరు రోబో కాదని నిరూపించండి" అంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్-వి కొట్టి, ఎంటర్ నొక్కమంటుంది. ఆ పేజీ అప్పటికే మనకు తెలియకుండా ఒక కమాండ్‌ని కాపీ చేసి పెట్టి ఉంటుంది. ఎంటర్ నొక్కామా, పాస్‌వర్డులు దొంగల పాలు. నిజమైన పేజీ ఏదీ ఇలా అడగదు. ఈ మాట ఇంట్లో పిల్లలకే కాదు, పెద్దలకూ చెప్పండి.

ఇక నేర్చుకునే పిల్లలకు ఒక చిన్న అలవాటు: ఏ ఐకాన్ నొక్కినా, కింద ఏం రాసి వచ్చిందో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. రోజుకు రెండు చాలు. నెల తిరిగేసరికి 60 అవుతాయి. ఇంటర్వ్యూలో ప్లాన్ చేతికిచ్చినప్పుడు అవే ఆదుకుంటాయి.