బొటనవేలు ఎవరిది?



ఒకప్పుడు చదువు రాని వాళ్ళే వేలిముద్ర వేసేవాళ్ళు. దానినే మనం నిశాని అంటాం. షావుకారు కాగితం చాపుతాడు. అందులో ఏముందో మనకు తెలియదు. వంద పక్కన ఇంకో సున్న చేర్చినా తెలియదు. అట్లా వేలు పెట్టి భూమి పోగొట్టుకున్న ఇళ్ళు ఎన్నో. అందుకే చదువుకు వచ్చిన ఆడవాళ్ళు మొదట సంతకం నేర్చుకుంటారు.

ఇప్పుడు కాలం తిరగబడింది. చదువు వచ్చినా, రాకున్నా అందరి వేలూ అడుగుతున్నారు. స్టోరు బియ్యానికి వేలు. పింఛనుకు వేలు. బ్యాంకు డబ్బుకు వేలు. సిమ్ కార్డుకు వేలు.

మరి ఈ వేలు మనదా? సర్కారుదా?

ఆధార్ ఎట్లా పని చేస్తుంది?

2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ అనే పల్లెలో మొదటి ఆధార్ నంబరు ఇచ్చారు. ఆ నంబరులో 12 అంకెలు ఉంటాయి. మన పది వేళ్ళ ముద్రలు, రెండు కనుపాపల గుర్తు, ముఖం ఫొటో తీసి కంప్యూటరులో దాచారు. స్టోరులో మిషను మీద వేలు పెడితే ఆ ముద్ర దూరాన ఉన్న ఆ కంప్యూటరుకు పోతుంది. అది దాచిన ముద్రతో పోల్చి చూస్తుంది. "అవును, ఈమే" అనో, "కాదు" అనో జవాబు వస్తుంది. సిగ్నలు లేకుంటే ఏ జవాబూ రాదు.

దీనివల్ల మేలు ఏమి?

ఒకరి బియ్యం ఇంకొకరు ఎత్తుకుపోవడం కష్టమవుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. మన చిప్పగిరి, ఆలూరు, ఆదోని, కోసిగి పక్క వానలు లేకుంటే జనం సుగ్గికి పోతారు. గుంటూరు పక్క మిరపకాయలు కోస్తారు. ఇప్పుడు మన కార్డు మీద ఆ ఊరి స్టోరులోనే బియ్యం తీసుకోవచ్చు. బియ్యం కోసం ఊరికి రావలసిన పని లేదు.

మరి నష్టం ఏమి?

మొదటిది. మిరపకాయలు కోసి, పత్తి తీసి, అంట్లు తోమి వేళ్ళ గీతలు అరిగిపోతాయి. అప్పుడు మిషను "కాదు" అంటుంది. మనిషి ఎదురుగానే ఉంది. అయినా మిషను మాటే చెల్లుతుంది. 2017 సెప్టెంబరులో ఝార్ఖండ్ రాష్ట్రం సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ళ పాప చనిపోయింది. ఆధార్ కలపలేదని ఆ ఇంటి రేషను కార్డు తీసేశారు. పాప ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. కాదు, జ్వరంతో పోయిందని అధికారులు అన్నారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఆదేశం పంపింది. ఆధార్ లేదని, వేలు పడలేదని ఎవరికీ బియ్యం ఆపరాదు అన్నది ఆ ఆదేశం.

రెండోది దొంగతనం. 2018లో తెలంగాణలో ఒకడు భూమి రిజిస్ట్రేషను కాగితాల మీది వేలిముద్రలు చూసి రబ్బరు ముద్రలు చేశాడు. వాటితో ఎవరెవరి పేర్ల మీదనో సిమ్ కార్డులు తీశాడు. పోలీసులు పట్టుకున్నారు. తాళంచెవి పోతే కొత్త తాళం కొనుక్కుంటాం. వేలిముద్ర పోతే కొత్త వేలు యాడ తెస్తాం?

మూడోది కాపలా. తెల్లదొరల కాలంలో కొన్ని కులాలనే దొంగలని చట్టం రాశారు. 1911 చట్టంతో ఆ కులాల వాళ్ళ వేలిముద్రలు తీసుకునే అధికారం వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల వాళ్ళను ఉంచి హాజరు వేసేవాళ్ళు. సెలవు అడగకుండా ఊరు దాటరాదు. తప్పు చేయని వాళ్ళకూ అదే గతి. గుర్తులు దాచే వాళ్ళ చేతికి హద్దు లేకపోతే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది.

కోర్టు ఏమి చెప్పింది?

కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసిన కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో సుప్రీంకోర్టుకు పోయారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. చట్టం లేకుండా జనం వేలిముద్రలు ఎట్లా తీసుకుంటారు అని అడిగారు. ఆధార్ చట్టం 2016లో వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాట చెప్పారు. మనిషి సొంత సంగతులు మనిషివే. వాటిని కాపాడుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. సర్కారు అందులో చేయి పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించరాదు.

2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద తీర్పు వచ్చింది. అయిదుగురు జడ్జీలలో నలుగురు ఆధార్ చెల్లుతుందన్నారు. రేషను, పింఛను లాంటి సర్కారు సాయానికి అడగవచ్చు. బడిలో పిల్లలను చేర్చడానికి ఆధార్ తప్పనిసరి కాదు. సిమ్ కార్డుకూ తప్పనిసరి కాదు. మీకు ఇష్టమైతే ఇవ్వండి. లేకుంటే వేరే గుర్తింపు కార్డు చూపండి.

2023లో ఇంకో చట్టం వచ్చింది. మన వివరాలు తీసుకునే వాళ్ళు ఎందుకో చెప్పాలి, మన ఒప్పుదల అడగాలి అంటుంది. అయితే సర్కారు తన శాఖలను ఈ చట్టం నుండి తప్పించుకునే వీలు కూడా అందులో ఉంది. కాబట్టి మన జాగ్రత్త మనకు ఉండాలి.

మనం ఏమి చేయాలి?

వేలు పెట్టే ముందు "ఎందుకు?" అని అడగండి. ఇది తగువు కాదు. మన హక్కు.

డబ్బు తీసేటప్పుడు మిషను మీది అంకె మీరే చదవండి. 500 అడిగితే 5000 ఉందేమో చూడండి. చీటీ తీసుకోండి. "మిషను పట్టలేదు, మళ్ళీ పెట్టు" అంటే మొదటిసారి డబ్బు పోయిందో లేదో చూడమనండి.

ఆధార్ జెరాక్సు ఇస్తే దాని మీద తారీకు, ఏ పనికి ఇచ్చారో రాయండి.

వేలు పడకపోతే ఊరికే తిరిగి రావద్దు. కంటి గుర్తుతోనో, ఫోనుకు వచ్చే నంబరుతోనో చూడమనండి. బియ్యం ఇవ్వకపోతే 1967కు ఫోను చేయండి.

వేలిముద్రకు తాళం వేసే వీలు ఉంది. ఆధార్ కేంద్రంలో గానీ, 1947కు ఫోను చేసి గానీ అడగండి. ఆ నంబరు మరచిపోరు. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే అది. బ్యాంకు డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

మిషను వద్దని ఎవరూ అనరు. బియ్యం మన కడుపుకు కావాలి. దొంగలను పట్టాలి కూడా. కానీ మిషను మనిషి కోసం ఉండాలి. చదవకుండా కాగితం మీద వేలు పెట్టరాదని మనం నేర్చుకున్నాం. చూడకుండా మిషను మీద కూడా పెట్టరాదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరిలో వేలు పడక బియ్యం అందని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళకు మీరు ఏమి చెబుతారు?
2. ఏ వివరాలు సర్కారుకు ఇవ్వవచ్చు? ఏవి ఇవ్వనవసరం లేదు?
3. 1967, 1947, 1930. ఏ నంబరు దేనికో రాసి గోడకు అంటించండి.