లీకైన వివరాలు మనవి, జరిమానా ఖజానాకు

2024 సెప్టెంబరులో టెలిగ్రామ్‌లో కొన్ని చాట్‌బాట్‌లు బయటపడ్డాయి. అడిగినవాళ్లకల్లా అవి స్టార్ హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీదారుల కాగితాలు ఇస్తున్నాయి: పేరు, ఫోను నంబరు, చిరునామా, గుర్తింపు కార్డు నకలు, పరీక్షల ఫలితాలు, జబ్బు వివరాలు. మూడు కోట్ల పది లక్షల మంది సమాచారం తన దగ్గరుందని వాటి వెనకున్న హ్యాకరు చెప్పుకున్నాడు. మొదట్లో పెద్దగా ఏమీ పోలేదన్న సంస్థ, తర్వాత తమపై సైబర్ దాడి జరిగిందని చెప్పింది. టెలిగ్రామ్ మీద, హ్యాకరు మీద మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. సంస్థకు కోర్టు తలుపు ఉంది. మరి ఆ కాగితాల మీద ఎవరి పేర్లున్నాయో వాళ్లు ఎవరిని అడగాలి?

ముందు నష్టం ఎలా జరుగుతుందో చూద్దాం. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. పుట్టిన తేదీని, చేయించుకున్న ఆపరేషన్‌ను మార్చుకోలేం. లీకైన నాడే ఖాతాలో డబ్బు మాయం కావాలని లేదు. ఎప్పుడో ఒక ఫోను వస్తుంది. "ఫలానా పాలసీ, ఫలానా ఆస్పత్రి. మీ క్లెయిములో ఇంకా కొంత సొమ్ము రావాలండీ, ఓటీపీ చెప్పండి" అంటారు. ఇన్ని నిజాలు చెప్పేవాడిని దొంగ అని అనుమానించడం కష్టం. ఓటీపీ చెప్పామా, తప్పు మనదే అయిపోతుంది. ఆ నిజాలు వాడి చేతికి ఎలా వచ్చాయని అడిగేవారుండరు. అడిగినా, ఈ లీకు నుంచే వచ్చాయని రుజువు చేయడం తేలిక కాదు. సిమ్ కార్డు దుకాణం మొదలు లాడ్జి కౌంటరు దాకా మన ఆధార్ నకళ్లు ఎక్కడెక్కడ ఇచ్చామో మనకే గుర్తుండదు.

కాబట్టి మొదట కావాల్సింది లీకైన సంగతి వెంటనే తెలియడం. ఎయిరిండియా ప్రయాణికుల విషయంలో అది ఎలా జరిగిందో చూడండి. ఆ సంస్థకు కంప్యూటర్ సేవలందించే సీటా మీద దాడి జరిగినట్టు 2021 ఫిబ్రవరి చివర్లో ఎయిరిండియాకు తెలిసింది. ఎవరెవరి వివరాలు పోయాయో మార్చి, ఏప్రిల్ నెలల్లో తేలింది. ప్రయాణికులకు మెయిళ్లు మేలో వచ్చాయి. 2011 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా నమోదైన దాదాపు 45 లక్షల మంది వివరాలవి. పాస్‌పోర్టు సమాచారమూ అందులో ఉంది.

ఇలాంటి లీకును సంస్థలు 6 గంటల్లోగా కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి నియమం ఉంది. అది సర్కారుకు చెప్పే కబురు. మనకూ చెప్పి తీరాలన్న బాధ్యతను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పెట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఏం లీకైంది, ఎప్పుడు, దానివల్ల మనకేం జరగవచ్చు, మనం తీసుకోవాల్సిన జాగ్రత్తలేమిటి, ఎవరిని సంప్రదించాలి అన్నవన్నీ ఆలస్యం లేకుండా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. అయితే ఈ భాగం 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తుంది.

శిక్షలు చూస్తే భారీగానే ఉన్నాయి. తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా, లీకు సంగతి దాస్తే 200 కోట్ల దాకా జరిమానా. కానీ ఆ సొమ్ము భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు వెళ్తుంది. నష్టపోయినవాళ్లకు అందులోంచి పైసా ఇవ్వాలని చట్టం చెప్పలేదు.

అంతేకాదు. భద్రతలో నిర్లక్ష్యం చేసి నష్టం కలిగించిన కంపెనీ నుంచి పరిహారం అడిగే హక్కు ఇప్పుడు సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షన్‌లో ఉంది. ఆరోగ్యం, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డులు, వేలిముద్రల వంటి సున్నితమైన సమాచారానికి అది వర్తిస్తుంది. అయిదు కోట్ల దాకా పరిహారం కోరే ఫిర్యాదులను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారి హోదాలో విచారిస్తారు. హైదరాబాద్‌లోనైనా, అమరావతిలోనైనా ఇదే పద్ధతి. చాలామందికి తెలియని ఈ దారిని కొత్త చట్టం తీసేస్తోంది. ఆ తొలగింపు కూడా ఆ 18 నెలల గడువుకే అమలవుతుంది. లీకు సంగతి తెలుసుకునే హక్కు వచ్చే రోజునే పరిహారం అడిగే సెక్షన్ పోతుందన్నమాట.

పరిహారం ఉన్నచోటా అంతా సవ్యంగా లేదు. అమెరికాలో అప్పుల చరిత్ర నమోదుచేసే ఈక్విఫ్యాక్స్ నుంచి 2017లో 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. తెలిసిన లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ మార్చిలోనే వచ్చినా, కంపెనీ దాన్ని సరిగా వేయలేదు. జులై చివర్లో దాడిని పసిగట్టి, సెప్టెంబరు 7న బయటపెట్టింది. 2019 నాటి ఒప్పందంలో జరిమానాలు వేరు, బాధితుల నిధి వేరు. ఆ నిధి 42.5 కోట్ల డాలర్ల దాకా. ఒక్కొక్కరికి 125 డాలర్లన్న మాట ఊరించింది. కానీ ఆ పద్దుకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే కావడంతో, అడిగేవాళ్లు పెరిగేకొద్దీ వాటా చిక్కిపోయింది. మిగిలిన మేలు మరొకటి ఉంది: ఎవరైనా తమ క్రెడిట్ ఫైలుకు ఉచితంగా తాళం వేసుకునే హక్కు 2018 సెప్టెంబరులో దేశమంతటా వచ్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లూ దీన్ని వాడుకోవచ్చు. ఫైలుకు తాళముంటే ఇంకొకరు మన పేరున కొత్త అప్పు తీసుకోవడం కష్టం.

ఇక్కడ మన చేతిలో ఏముంది? డబ్బు పోతే కాలమే కీలకం. 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో చోట లోపం వల్ల ఖాతాలో సొమ్ము పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోగా తెలిపితే మన మీద భారం పడదు. బాధ్యత మనదేనని రుజువు చేయాల్సింది బ్యాంకే. ఓటీపీ మనమే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ము మనదే. అందుకే ముందు సైబర్ మోసాల సహాయవాణి 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు ఫోను చేయాలి.

డబ్బు పోకముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. లీకు గురించి కంపెనీ పంపిన మెయిలు, ఎస్సెమ్మెస్ చెరిపేయకండి, రేపు సాక్ష్యం అదే. నా వివరాల్లో ఏవేవి పోయాయని రాతపూర్వకంగా అడగండి. ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేయండి. టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. మన అప్పుల చరిత్ర నమోదుచేసే సిబిల్ వంటి నాలుగు సంస్థలూ ఏటా ఒక నివేదిక ఉచితంగా ఇవ్వాలి. అందులో మీరు తీసుకోని అప్పు కనిపిస్తే వెంటనే అభ్యంతరం చెప్పండి.

2027 తర్వాతా వినియోగదారుల కమిషన్ ఉంటుంది. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు వెల్లడించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఒకే నష్టం ఎదురైనవాళ్లు కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలూ ఉంది. కానీ దొంగతనంగా పోయిన సమాచారాన్ని "వెల్లడించడం" కింద లెక్కిస్తారా, సేవాలోపమని నిరూపించాలా అన్న వాదన బాధితుడి నెత్తినే పడుతుంది. చట్టం ఆ బరువు తగ్గించగలదు. భద్రత పాటించలేదని బోర్డు తేల్చిన కేసులో, వసూలైన జరిమానాలో ఒక వాటాను బాధితులకు పంచాలని ఒక్క సవరణ చేస్తే చాలు. అది కుదరదంటే, 43ఎను కనీసం ఉన్నచోట ఉండనివ్వాలి. ఆ సెక్షన్ రద్దు కావడానికి ఇంకా గడువుంది కాబట్టి, మన ఎంపీలను ఈ మాట అడగాల్సింది ఆ లోపే.