పాట చిన్నదగుట ఎట్లు?

తిరునాళ్ళలో డప్పులు మ్రోగుచుండగా ప్రక్కవాని మాట వినబడదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని, ముఖ్యముగా దగ్గరి పౌనఃపున్యము గలదానిని, కప్పివేయును. జేబులో ఇముడు యంత్రమున వేలకొలది పాటలు పట్టుటకు చెవికి గల ఈ స్వభావమే ఆధారము.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాయుదురు. ఎడమ, కుడి మార్గములు రెండు గనుక సెకనుకు 14,11,200 బిట్లగును. 4 నిమిషముల పాటకు సుమారు 42 మెగాబైట్లు పట్టును. 1990 దశకమున వ్యాప్తికి వచ్చిన ఎంపీ3 పద్ధతి, చెవి గుర్తింపని అంశములను విడిచి, మిగిలినవానిని పొదుపుగా వ్రాయును. సెకనుకు 1,28,000 బిట్లు వాడినచో అదే పాట 4 మెగాబైట్ల లోపున ఇముడును.

అయితే విడిచినది మరల రాదు. 128 కిలోబిట్ల పాటను 320కి మార్చినచో ఫైలు పెరుగునే గాని ధ్వని మెరుగుపడదు. మరల మరల కుదించినకొలది తాళముల మ్రోత చెదరిపోవును. పాట గరగరలాడినచో, అదే యంత్రమున మూలప్రతిని విని చూడవలెను. అది స్పష్టముగా నున్నచో దోషము యంత్రమునది కాదు, నకలుది.

విద్యార్థులు ఊరి వృద్ధుల నాట్ల పాటలను ఫోనులో రికార్డు చేయునపుడు, యాప్‌లో వీలున్నచో, వేవ్ రూపమునగాని, ఏమియు పోగొట్టక కుదించు ఫ్లాక్ రూపమునగాని చేసి, రెండుచోట్ల భద్రపరచవలెను. పంపుటకు మాత్రమే ఎంపీ3 నకలు తీయవలెను. పాడినవారు గతించిన పిదప ఆ మూలప్రతియే వారి గొంతు.